నది నడిచిన వరసలో

న్యూయార్క్ రాష్ట్రంలో పడమటి వైపు, రాచెస్టర్ నగరం నుంచి కారులో సుమారు గంట దూరాన, జెనెసీ నది మూడు మైళ్ల లోపల మూడుసార్లు దూకుతుంది. ఆ మూడు దూకుళ్లూ, వాటి తర్వాత నది కోసుకుంటూ పోయిన లోతైన లోయా కలిసి లెచ్‌వర్త్ స్టేట్ పార్క్. 14,000 ఎకరాలకు పైబడిన అడవి. దాని పొడవునా నది వెంబడే సాగే 17 మైళ్ల రోడ్డు. న్యూజెర్సీలోనూ ఆ చుట్టుపక్కల రాష్ట్రాల్లోనూ ఉండే మనవాళ్లు ఎండాకాలం రాగానే, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలనో అత్తమామలనో కారెక్కించుకుని నయాగరాకు బయల్దేరతారు. ఆ దారి నుంచి కాస్త పక్కకు తిరిగితే వచ్చే చోటిది. చాలామంది తిరుగు ప్రయాణంలో, "ఇంకో రెండు గంటలున్నాయి, ఇదీ చూసేద్దాం" అనుకుని వస్తారు. వంతెన దగ్గర ఒక ఫోటో, మధ్య జలపాతం దగ్గర ఒక ఫోటో తీసుకుని వెళ్లిపోతారు. వాళ్లకు దక్కాల్సినదాంట్లో అది పదో వంతు కూడా కాదు.

లెచ్‌వర్త్‌కు ఆది, మధ్య, అంతం ఉన్నాయి. రసం ఆ వరసలోనే పండుతుంది. అందుకే ఇక్కడికి వెళ్లాలనుకునేవాళ్లు ఏ గేటులోంచి లోపలికి పోవాలి, పొద్దు ఎటున్నప్పుడు ఎక్కడ నిలబడాలి, రాత్రి ఎక్కడ ఆగాలి అని ముందుగా కూర్చుని ఆలోచించుకోవటాన్ని నేను రసాస్వాదనలో మొదటి అంకంగానే లెక్కేస్తాను. మన ఆలంకారికులు అద్భుత రసానికి స్థాయి విస్మయమన్నారు. నయాగరా ఆ ఒక్క రసాన్నే నిండుగా ఇస్తుంది. చేరిన క్షణమే శిఖరం, ఆ తర్వాత మనసుకు ఎక్కటానికి మెట్టు ఉండదు. జెనెసీ విస్మయంతో మొదలుపెడుతుంది, దారిలో కరుణను తాకుతుంది, చివరికి శాంతంలోకి తీసుకెళ్లి వదులుతుంది. ఒక నది ఒకే పార్కులో ఇన్ని భావాలు పలికించటం నేను మరెక్కడా చూడలేదు.

ముందు గేటు సంగతి. ఇంటర్‌స్టేట్ 390 మీదుగా వచ్చేవాళ్లకు సులువుగా తగిలేది ఉత్తరాన ఉన్న మౌంట్ మోరిస్ గేటు. అటు వెళ్తే డ్యామ్ ముందొస్తుంది, జలపాతాలు చిట్టచివర వస్తాయి. నదికి ఎదురు నడిచినట్టు. డాన్స్‌విల్ దగ్గర 390 దిగి, నుండా అనే చిన్న ఊరి మీదుగా 436 నంబరు రోడ్డు పట్టుకుంటే పోర్టేజ్‌విల్ చేరతారు. నది పార్కులోకి ప్రవేశించేది అక్కడ. మనమూ అక్కడే ప్రవేశించాలి. ఆ రోడ్డు పొడవునా పొలాలూ, గడ్డి మేసే పశువులూ, పాతకాలపు చెక్క ఇళ్లూ తప్ప ఏమీ ఉండవు. నాలుగడుగుల్లో నేల ఇంత లోతుకు చీలిపోయి ఉందని చెప్పే గుర్తు ఒక్కటీ కనిపించదు. ఆ మామూలుతనాన్ని అనుభవించి వస్తేనే తర్వాతి విస్మయానికి పూర్తి బలం. సీజన్‌లో కారుకు 10 డాలర్ల రుసుముంటుంది. చలికాలంలో పార్కు రోడ్డు కొంత మేర మూసేస్తారు గనుక ఆ నెలల్లో వెళ్లేవాళ్లు ఏ గేటు తెరిచి ఉందో ముందే కనుక్కోవాలి.

జెనెసీ పెన్సిల్వేనియాలో పుట్టి, న్యూయార్క్ రాష్ట్రాన్ని నిలువునా దాటి, రాచెస్టర్ మీదుగా ఆంటారియో సరస్సులో కలుస్తుంది. అంటే ఉత్తరవాహిని. కాశీలో గంగ, మంచిర్యాల జిల్లా చెన్నూరులో గోదావరి ఉత్తరానికి మళ్లిన కాస్త మేరనే విశేషంగా చెప్పుకునే మనకు, పుట్టిననాటి నుంచీ అటే పోయే నది ఎదురైతే చేతులు వాటంతటవే జోడవుతాయి. వెంట వచ్చిన పెద్దవాళ్లకు ఈ మాట ముందే చెప్పి తీసుకెళ్లండి. వాళ్లు చూసే చూపే మారుతుంది.

పోర్టేజ్‌విల్ గేటుకు మధ్యాహ్నం ఒంటిగంటా రెండింటి మధ్య చేరేలా బయల్దేరాలి. న్యూజెర్సీ నడిబొడ్డు నుంచైతే ఐదారు గంటల దారి; తెల్లవారి లేచి, పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో సర్దుకుని బయల్దేరితే సరిపోతుంది. పార్కులో చెట్ల కింద బల్లలు బోలెడున్నాయి. ఆ వేళకే ఎందుకంటే, మొదటి రెండు జలపాతాలనూ బాగా చూడగలిగే చోట్లు ఎక్కువగా పడమటి ఒడ్డునే ఉన్నాయి. ఇంద్రధనుస్సు కనపడాలంటే ఎండ మన వీపు మీద పడాలి, ఎదురుగా నీటి తుంపర ఉండాలి. పడమటి ఒడ్డున నిలబడ్డవాళ్లకు ఆ యోగం పొద్దు వాలాకే. పొద్దున్నే వచ్చి చూసి వెళ్లేవాళ్లు ఆ ఏడు రంగుల్నీ వదులుకుని వెళ్తున్నట్టే.

పై జలపాతం దగ్గర మొదట కంటికి తగిలేది నీళ్లకంటే ముందు వంతెన. లోయ అంచు నుంచి అంచుకు ఒకే కమానుగా లేచిన ఉక్కు రైలు వంతెన, దాని కింద డెబ్భై అడుగుల చిల్లర ఎత్తు నుంచి దూకే నది. ఈ చోట వంతెనకు పెద్ద కథే ఉంది. 1852లో ఇక్కడ కొయ్యతో కట్టిన వంతెన ఆనాటి ప్రపంచంలో పెద్ద కొయ్య వంతెనల్లో ఒకటిగా పేరు పొందింది. 1875 మే నెలలో అది కాలి బూడిదైంది. మూడు నెలలు తిరక్కుండానే ఇనుప వంతెన లేచింది. ఆ స్తంభాలు లోయ అడుగు దాకా దిగి, నూటనలభై ఏళ్లకు పైగా నిలిచాయి. ఇప్పుడున్న కమాను 2017 చివర్లో వాడుకలోకి వచ్చింది. పాత వంతెన పోయిందని బాధపడేవాళ్లను చాలామందిని విన్నాను, వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. అయినా కొత్తదే ఇక్కడికి తగినదని నా అభిప్రాయం. పాత స్తంభాలు నదిని నిలువు గీతలతో గళ్లు కొట్టేవి. ఈ కమాను కాళ్లు రెండూ లోయ గోడలకే ఆనుకుని, నదిని ముట్టుకోకుండా దాటుతుంది. కింద నీరు దూకుతోంది, పైన ఉక్కు దూకుతోంది. క్షేమేంద్రుడు కావ్యానికి ప్రాణమన్న ఔచిత్యం ఇంజనీర్ల పనిలోనూ ఉంటుందని దీన్ని చూశాకే గట్టిగా నమ్మాను. అదృష్టం బాగుంటే మీరు నిలబడి ఉండగానే గూడ్సు బండి ఒకటి వంతెన మీదికి వస్తుంది. జలపాతపు హోరులో దాని చప్పుడు కలిసి, ఏది ఏదో తెలియని ఒక నిమిషం గడుస్తుంది.

అక్కడి నుంచి అరమైలు నడిస్తే మధ్య జలపాతం. 107 అడుగుల ఎత్తు. మూడింటిలోకీ పెద్దది, అందమైనది. నది వెడల్పంతా ఒకేసారి విరిగి పడుతుంది. ఇక్కడ తొందరపడకూడదు. అంచున ఉన్న రాతి గోడ దగ్గర కనీసం ఓ అరగంట నిలబడాలి. మొదటి ఐదు నిమిషాలూ మనం చూసేది పరిమాణాన్ని: ఎంత ఎత్తు, ఎంత నీరు, ఎంత హోరు. ఆ లెక్కలన్నీ తీరాక అసలు చూపు మొదలవుతుంది. అంచు మీద నీరు గాజు పలకలా గోధుమ రంగులో వంగి, ఒక క్షణం ఆగినట్టై, తర్వాత తెల్లగా పగులుతుంది. ఆ గోధుమ నుంచి తెలుపుకు మారే సన్నని గీతను ఒకచోట పట్టుకుని కళ్లు తిప్పకుండా చూడండి. నీరు మారుతూనే ఉంటుంది, గీత మాత్రం అక్కడే ఉంటుంది. ఇంతలో మబ్బు తొలగి ఎండ పడితే, కింద లేచే తుంపరలో విల్లు విచ్చుకుంటుంది.

ఆ విల్లును చూసే విలియం ప్రయర్ లెచ్‌వర్త్ తన ఇంటికి గ్లెన్ ఐరిస్ అని పేరు పెట్టుకున్నాడు. ఐరిస్ గ్రీకుల ఇంద్రధనుస్సు దేవత. ఆ ఇల్లు ఇప్పటికీ జలపాతానికి ఎదురుగా పసుపు రంగు వేసుకుని నిలబడి ఉంది, సత్రంగా నడుస్తోంది. ఆయన గురించి తెలుసుకోకుండా ఈ చోటు పూర్తిగా అర్థం కాదు. 1823లో పుట్టిన క్వేకర్, బఫలో నగరంలో ఇనుప సామాను వ్యాపారంలో గడించినవాడు. రైలు వంతెన మీంచి ఈ లోయను చూశాడని చెబుతారు. ఆనాటికి ఇక్కడ ఇప్పుడున్న అందం లేదు. అడవి నరికేశారు, జలపాతాల పక్కనే రంపపు మిల్లు, ఒడ్డంతా మోడులు. ఆ స్థితిలో ఉన్నదాన్ని 1859లో కొనటం మొదలుపెట్టి, దాదాపు యాభై ఏళ్లు చెట్లు నాటించాడు, బాటలు వేయించాడు, ఏ మలుపులో ఏ దృశ్యం తెరుచుకోవాలో నిర్ణయించాడు. మనం సహజమనుకుని మురిసిపోయే చూపుల్లో చాలా భాగం ఒక మనిషి జీవితకాలపు కూర్పు. జలవిద్యుత్తు కోసం ఇక్కడ ఆనకట్ట కడతామని ఒక కంపెనీ వెంటపడినప్పుడు, దీన్ని కాపాడటానికి తన 1,000 ఎకరాలనూ 1907లో రాష్ట్రానికి రాసిచ్చాడు. 1910లో కన్నుమూశాడు. వ్యాపారం వదిలాక ఆయన మిగతా శక్తినంతా అనాథ పిల్లల కోసం, మూర్ఛ రోగుల కోసం, మతి చెదిరినవాళ్ల సంరక్షణ కోసం వెచ్చించాడు. మనుషుల బాధనూ నేల బాధనూ ఒకే చేత్తో తుడిచినవాడని ఆయన మీద నాకు గొప్ప గౌరవం.

గోడ దగ్గర నిలబడ్డప్పుడు ఒకసారి చూపును నీటి మీంచి తిప్పి ఎదురు కొండ మీద పెట్టండి. పల్చటి పొరలు, ఒకదాని మీద ఒకటి వేల కొద్దీ. కడప బండలు దొంతర పెట్టినప్పుడు అంచు ఎలా కనిపిస్తుందో అలా. మధ్యమధ్య కాస్త దళసరి ఇసుకరాయి వరసలు ముందుకు పొడుచుకొస్తాయి, వాటి మధ్య మెత్తటి షేల్ లోపలికి అరిగిపోయి ఉంటుంది. జలపాతం ఉండటానికి కారణం ఈ తేడాయే. గట్టి పొర నీటిని పైన ఆపుతుంది, కింది మెత్తటి పొర చిట్లిపోతూ దాన్ని నిలువునా దించుతుంది. ఇదంతా దాదాపు 36 కోట్ల ఏళ్ల నాటి సముద్రపు బురద. నది మాత్రం ఇక్కడికి కొత్త. మంచుయుగంలో కదిలొచ్చిన హిమానీనదాలు దాని పాత లోయను మట్టితోనూ రాళ్లతోనూ పూడ్చేశాయి. మంచు కరిగాక, పన్నెండు వేల ఏళ్ల కిందట కాస్త అటూ ఇటూగా, దారి దొరకని నది ఈ రాతి మీద పడి కొత్త లోయ తవ్వుకోవటం మొదలుపెట్టింది. దారి మూసుకుపోవటం వల్ల పుట్టిన సౌందర్యమిది. ఒక్క హెచ్చరిక: ఈ షేల్ చేత్తో నులిమితే రాలేటంత పెళుసు. మంచి ఫోటో కోసం గోడ దాటి అంచుకు వెళ్లొద్దు, పిల్లల చెయ్యి వదలొద్దు.

సత్రం పైన కొండ మీద కౌన్సిల్ గ్రౌండ్స్ అనే పచ్చిక బయలుంది. సందర్శకుల్లో సగం మంది అక్కడికి ఎక్కరు. ఎక్కండి. ఈ లోయ సెనెకా అనే ఆదివాసీ జాతి ప్రజల ఇల్లు. వాళ్లు సభ తీర్చిన పాత దుంగల ఇంటిని లెచ్‌వర్త్ తెప్పించి అక్కడ నిలబెట్టాడు. 1872 అక్టోబరు 1న ఆ జాతి వారసులు అందులో మళ్లీ సభాగ్ని వెలిగించారు. పక్కనే మేరీ జెమిసన్ కంచు విగ్రహం. పసిబిడ్డను వీపున కట్టుకుని నడుస్తున్న స్త్రీ. 1743లో వలస వచ్చే ఓడ మీద పుట్టింది, యుద్ధకాలంలో పెన్సిల్వేనియాలోని ఇంటి నుంచి బాల్యం వీడే వయసులో బందీగా వెళ్లింది, తల్లిదండ్రులను చంపేశారు. సోదరుణ్ని పోగొట్టుకున్న ఇద్దరు సెనెకా అక్కచెల్లెళ్లు ఆమెను అతని చోట కూర్చోబెట్టుకుని తమదాన్ని చేసుకున్నారు. ఓహాయో ప్రాంతం నుంచి కొడుకును మోసుకుంటూ కాలినడకన జెనెసీకి వచ్చింది. తర్వాత తిరిగి వెళ్లే అవకాశం వచ్చినా వెళ్లలేదు. 1779లో అమెరికన్ సైన్యం సెనెకా ఊళ్లనూ పంటల్నీ తగలబెట్టినప్పుడు, పిల్లలతో ఈ లోయలోనే గార్డో అనే పల్లపు నేలకు చేరి బతికింది. ముసలితనంలో ఆమె చెప్పిన జీవితకథ 1824లో పుస్తకమైంది. 1833లో బఫలో దగ్గర చనిపోతే, 1874లో ఆమె అస్థికలను ఇక్కడికి తెచ్చారు. కన్న ఊరు వదిలి వేరే నేలను తనదిగా చేసుకున్న మనిషి ముందు, అమెరికాలో స్థిరపడ్డ మన ఇంటి ఆడవాళ్లు చాలాసేపు నిలబడిపోవటం చూశాను. కింద హోరు వినిపిస్తూనే ఉంటుంది. విస్మయంతో నిండిన మనసులోకి కరుణ చేరే చోటు ఇదే, చేరాల్సిన వేళ కూడా ఇదే.

పొద్దు గుంకేముందు ఇన్‌స్పిరేషన్ పాయింట్ చేరాలి. కాస్త ఉత్తరంగా ఉంటుంది. వెనక్కి తిరిగితే మధ్య జలపాతం, దాని వెనక పై జలపాతం, ఆ పైన వంతెన కమాను, మూడూ ఒకే చూపులో. మధ్యాహ్నమంతా విడివిడిగా చూసినవి ఒక పద్యంలా కూడి కనిపిస్తాయి. దీన్ని ముందే చూస్తే ఒట్టి పోస్టుకార్డు. చివర్లో చూస్తే అన్వయం.

రాత్రి ఉండాలి, తప్పదు. గ్లెన్ ఐరిస్ గదులు చాలా ముందే నిండిపోతాయి, అదీ ఏడాది పొడవునా తెరిచి ఉండదు. పార్కులో క్యాబిన్లూ, క్యాంపింగ్ స్థలమూ ఉన్నాయి. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు బాత్‌రూమ్ లోపలే ఉన్న క్యాబినేనా అని చూసుకుని బుక్ చేయండి. లోయలో ఫోన్ సిగ్నల్ అంతంతమాత్రమే. మ్యాపు ముందే దించి పెట్టుకోండి.

మర్నాడు పొద్దున్నే, కాళ్లలో సత్తువ ఉండగానే, కింది జలపాతం. నూటికి పైగా రాతి మెట్లు దిగాలి, మళ్లీ ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను పైన బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఒకరు తోడుండటం మంచిది. వాళ్ల వాటా వాళ్లకు నిన్ననే పై రెండు జలపాతాల దగ్గర, మెట్లు లేని చోటే దక్కింది. దిగినవాళ్లకు మాత్రం ఇది వేరే లోకం. పైనుంచి చూసిన నదిని ఇక్కడ పక్కనుంచి చూస్తాం. ఇంతటి నదీ ఇరుకైన రాతి గొంతులోకి ఒదిగి పోతుంది. దాని మీద 1930లలో సివిలియన్ కన్జర్వేషన్ కోర్ కుర్రాళ్లు కట్టిన చిన్న రాతి వంతెన. ఆర్థిక మాంద్యంలో ఉద్యోగాల్లేని యువకులు వాళ్లు. ఈ పార్కులోని గోడలూ మెట్లూ చాలావరకు వాళ్ల చేతి పనే. వంతెన పిట్టగోడ మీద చెయ్యి పెట్టి చూడండి: ఈ లోయ రాళ్లే, పొరలు అడ్డంగా ఉండేలా పేర్చారు, పక్కనున్న కొండలో ఎలా ఉన్నాయో అలాగే. ఎక్కడ కొండ ఆగిందో ఎక్కడ కట్టడం మొదలైందో కనిపెట్టటం కష్టం. పేరు చెక్కుకోకుండా ఇంత మంచి పని చేసి వెళ్లిన ఆ కుర్రాళ్లు నిజమైన శిల్పులు.

ఆ తర్వాత నదితో పాటు ఉత్తరానికి. జలపాతాలు అయిపోయాయని ఎక్కువమంది ఇక్కడే వెనుదిరుగుతారు. పార్కులో మిక్కిలి లోతైన భాగం ఇంకా ముందుంది. గ్రేట్ బెండ్ దగ్గర లోయ గోడలు 600 అడుగుల దాకా లేస్తాయి. అంత కింద నది, ఏ చప్పుడూ లేకుండా మలుపు తిరుగుతూ ఉంటుంది. నిన్న అరిచినదీ ఇదే, ఇవాళ పలకనిదీ ఇదే. మీ ఎత్తుకు దిగువన గద్దలు గుండ్రంగా తిరుగుతుంటాయి. వాటి రెక్కల పై భాగం మనకు కనిపిస్తుంది. గార్డో, హాగ్స్‌బ్యాక్ వ్యూపాయింట్ల దాకా ఇదే నిశ్శబ్దం, ప్రతి మలుపులోనూ కొంచెం వెడల్పవుతూ. శాంతాన్ని తొమ్మిదో రసంగా ఒప్పుకోవాలా వద్దా అని మన పూర్వులు ఎంతో వాదించుకున్నారు. గ్రేట్ బెండ్ దగ్గర కూర్చున్నవాళ్లకు ఆ వాదం అక్కర్లేదు. కానీ మొదటి రోజు హోరు చెవుల్లో లేనివాళ్లకు ఈ నిశ్శబ్దం ఒట్టి ఖాళీగా తోస్తుంది. వరస ముఖ్యమని నేను పట్టుబట్టేది ఇందుకే.

చివర మౌంట్ మోరిస్ డ్యామ్. 1952లో పూర్తయింది. ఆనకట్ట నుంచి కాపాడటానికే లెచ్‌వర్త్ ఈ నేలను దానమిచ్చాడు కదా, చివరికి ఆనకట్ట వచ్చిందే అని మొదట మనసు చివుక్కుమంటుంది. ఇది వరదల్ని ఆపటానికి కట్టినది. మామూలు రోజుల్లో నదిని నిలవ చేయదు, అందుకే లోయ మునగలేదు. 1972లో ఆగ్నెస్ తుపాను వచ్చినప్పుడు మాత్రం దాదాపు అంచు దాకా నిండి, కిందున్న రాచెస్టర్‌ను పెద్ద ముప్పు నుంచి కాపాడింది. నదిని బంధించకుండా కాపలా కాసే గోడ. దీన్ని నేను మనస్ఫూర్తిగా అంగీకరిస్తాను.

ఇక ఏ నెల అంటే, అందరూ అక్టోబరు అంటారు. మేపుల్ ఆకులు ఎరుపెక్కే నెల నడుమ లోయ అద్భుతంగా ఉంటుంది, జనమూ అలాగే ఉంటారు. కొలంబస్ డే వారాంతం తప్పించి, పనిరోజుల్లో వెళ్లండి. ఆగస్టులో వానల్లేకపోతే నీరు పల్చబడుతుంది. నా ఎంపిక మే నెల రెండో సగం: వసంతపు నీటి జోరు ఇంకా తగ్గదు, లేత ఆకు పూర్తిగా విచ్చుకుని ఉంటుంది, పెద్దవాళ్లకు చలి అంతగా ఉండదు.

మౌంట్ మోరిస్ నుంచి నయాగరా గంటన్నరా రెండు గంటల్లోపే. అక్కడ రెండు రోజులు అనుకున్నవాళ్లు ఒకటి తగ్గించుకుని, ఆ రాత్రి జెనెసీకి ఇవ్వండి. పోర్టేజ్‌విల్ గేటులోంచే వెళ్లండి.